డాలరుకు మూడు శనగల డబ్బాలు ఇచ్చిన షాపులు ఏమయ్యాయి?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, పొరపాటు ఉంటే దిద్దండి. 1990లో ఎం.ఎస్. చదవడానికి న్యూజెర్సీ వచ్చారు. నలుగురు కలిసి ఒక అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. డాలరుకు మూడు చొప్పున వచ్చే కాబూలీ శనగల డబ్బాలు, టమాటా డబ్బాలు తెచ్చుకుని, వారంలో నాలుగు రోజులు అదే కూరతో నెట్టుకొచ్చారు. తెల్ల లేబుల్ మీద నల్లటి అక్షరాలతో సరుకు పేరు తప్ప ఇంకేమీ లేని డబ్బాలు. అవి అమ్మిన షాపులు ఇప్పుడు ఒక్కటీ లేవు. మొన్న ఆ కూర గుర్తొచ్చి, మంచి బ్రాండు డబ్బాలు కొని, శనగలు శుభ్రంగా కడిగి, టమాటా ముక్కల డబ్బా పోసి చేస్తే ఆ రుచి రాలేదు. సరుకు మారిందా, నాలుక మారిందా, ఆ షాపులు ఎందుకు పోయాయి, ఆ ధర ఇక కలేనా అని అడిగారు.

సూటిగా చెబుతాను. శనగలు మారలేదు, మీరు వండే తీరు మారింది. మీ ప్రశ్నలోనే రెండు కారణాలు ఉన్నాయి: శనగలు కడిగారు, టమాటా ముక్కల డబ్బా వాడారు. రెండూ కింద వివరిస్తాను. ధర విషయానికి వస్తే, డాలరు విలువ పడిపోయిన లెక్క కట్టుకుంటే మీరు అప్పుడు పెట్టిన ధర ఇంచుమించు ఇప్పటికీ ఉంది, వేరే షాపులో, వేరే లేబుల్ కింద. ఇక ఆ షాపులు పోయింది చౌకగా అమ్మినందుకు కాదు. చౌకగా అమ్మాలంటే ముందు తమ ఖర్చు తగ్గాలి, అది చేతకానందుకు పోయాయి.

ఇదంతా చెప్పడానికి నేనెవరినంటే, 1986లో అక్క స్పాన్సర్ చేస్తే గుంటూరు నుంచి వచ్చాను. మొదటి నాలుగేళ్ళు ఒక డిస్కౌంట్ స్టోర్‌లో రాత్రిపూట అరలు సర్దాను. తర్వాత 26 ఏళ్ళు ఒక కిరాణా హోల్‌సేల్ కంపెనీలో డబ్బా సరుకులు కొనే విభాగంలో పని చేసి రిటైరయ్యాను. ఉద్యోగం వచ్చిందని మా నాన్నగారికి రాసిన మొదటి ఉత్తరంలో డిస్కౌంట్ స్టోర్‌ను ఏమనాలో తెలియక “చౌక ధరల దుకాణంలో పని” అని రాశాను. నెల తిరిగాక జవాబు వచ్చింది: “అక్కడ కూడా కార్డులున్నాయా? కిరసనాయిలు మనిషికి ఎంత ఇస్తారు?”

ముందు ఆ తెల్ల లేబుళ్ళ సంగతి. మీరు చూసింది దాని చివరి రోజులు. 1970లలో అమెరికాలో ధరలు మండిపోయాయి. ఫ్రాన్స్‌లో కార్‌ఫూర్ అనే షాపుల సంస్థ 1976లో బ్రాండు లేని సరుకులు పెట్టింది. మరుసటి ఏడాది షికాగోలో జ్యూయెల్ అనే సూపర్‌మార్కెట్ ఆ పద్ధతిని అందుకుంది. అక్కడి నుంచి దేశమంతా పాకింది. మన న్యూజెర్సీలో పాత్‌మార్క్ వాళ్ళు ‘నో ఫ్రిల్స్’ పేరుతో అమ్మేవారు. బొమ్మ లేదు, రంగు లేదు, టీవీ ప్రకటన లేదు. 1980ల మొదట్లో మంచి ఊపు మీద ఉండి, ధరలు శాంతించాక మెల్లగా తగ్గిపోయింది. మీరు వచ్చేసరికి కింది అరలో మిగిలిన తోక అది.

లేబుల్ తీసేస్తే ఎంత మిగులుతుంది, అంత చౌక ఎలా వస్తుంది అని చాలామంది అడుగుతారు. దీనికి జవాబు డబ్బా ఫ్యాక్టరీలో ఉంది. టమాటాలు కాలిఫోర్నియాలో జులై నుంచి అక్టోబరు దాకా దిగుతాయి. ఆ నాలుగు నెలల్లో ఏడాదికి సరిపడా డబ్బాలు నింపి తీరాలి. అప్పుడు లేబుల్ ఎవరిదో తేల్చుకునే తీరిక ఉండదు. అందుకని ఒట్టి తళతళలాడే డబ్బాలనే పలకల మీద పేర్చి గోదాములో పెడతారు. వాటిని మా పనిలో ‘బ్రైట్స్’ అంటాం. మూత మీద అచ్చు వేసిన సంకేతం ఒక్కటే వాటి జాతకం. తర్వాత ఆర్డరు వచ్చినప్పుడు, ఎవరి ఆర్డరైతే వాళ్ళ లేబుల్ అంటిస్తారు. ఒకే రోజు, ఒకే కుండీలో ఉడికిన టమాటా ఒకచోట పేరున్న బ్రాండై కంటి ఎత్తున ఉన్న అరలో కూర్చుంటుంది, ఇంకోచోట పేరు లేకుండా కాళ్ళ దగ్గర కూర్చుంటుంది.

అలాగని రెండూ ఎప్పుడూ ఒకటే అనుకోకండి. ఇక్కడ ప్రభుత్వ వ్యవసాయ శాఖ డబ్బా కూరగాయలకు ఎ, బి, సి తరగతులు నిర్ణయించింది. తెల్ల లేబుల్ డబ్బాల్లోకి ఎక్కువగా సి తరగతి వెళ్ళేది. అంటే చెడిపోయిందని కాదు. బీన్స్ ముక్కలు ఒకే పొడవు ఉండవు, టమాటాకు తొక్క అంటుకుని ఉంటుంది, బఠాణీలు కాస్త ముదిరి పిండిపిండిగా ఉంటాయి. బఠాణీలో ఆ తేడా నోటికి తెలుస్తుంది. శనగల్లో నాకైతే ఎప్పుడూ తెలియలేదు. ఎండు శనగలు నానబెట్టి డబ్బాలో నింపేవే కాబట్టి లేత, ముదురు గొడవే రాదు.

దీన్ని మేము ఎలా చూసేవాళ్ళమో చెబుతాను. కొనుగోలుకు ముందు ‘కటింగ్’ అని ఒక తంతు ఉండేది. పొడవాటి బల్ల మీద తెల్లటి పళ్ళేలు వరసగా పెట్టి, ఒక్కో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డబ్బా కోసి, జల్లెడలో పోసి, గడియారం చూసి సరిగ్గా రెండు నిమిషాలు నీరు కారనిచ్చి, మిగిలినదాన్ని తూచేవాళ్ళం. నీళ్ళు విడిగా గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎత్తి చూసేవాళ్ళం. మడ్డిగా ఉందా, తేటగా ఉందా. ముక్కలు లెక్కపెట్టడం, నారలు లెక్కపెట్టడం, ఆఖరున ఒక్కో చెంచా రుచి. నా పై అధికారి ఒక ఇటాలియన్ పెద్దాయన. బీన్స్ ముక్కను పళ్ళ మధ్య పెట్టి కళ్ళు మూసుకునేవాడు. 1993లో ఒక కటింగ్‌లో ఆరు పళ్ళేల వెనక లేబుళ్ళు దాచి మా అందరినీ వరస చెప్పమన్నారు. నేను మొదటి స్థానం ఇచ్చిన పళ్ళెం చవక సరుకు. బాగా పేరున్న బ్రాండును నాలుగో స్థానంలో పెట్టాను. ఆయన మాత్రం ఆ రెండిటినీ పక్కపక్కకు జరిపి, మూతలు తిప్పి చూడమన్నాడు. రెండు మూతల మీదా సంకేతంలో మొదటి మూడు అక్షరాలు ఒకటే. ఫ్యాక్టరీ ఒకటే అన్నమాట. నా నాలుక మీద నాకున్న గర్వం ఆ రోజుతో సరి.

చౌకకు ఇంకో కారణం రుతువు. పంట దిగి డబ్బాలు గోదాముల్లో నిండిపోయాక, చలికాలంలో వాటిని వదిలించుకోవాలి. మీరు న్యూజెర్సీలోనే ఉన్నారు కాబట్టి షాప్‌రైట్ వాళ్ళ జనవరి ‘క్యాన్ క్యాన్ సేల్’ గుర్తుండాలి. 1971లో మొదలైంది, గౌను ఎత్తి క్యాన్‌క్యాన్ అనే నాట్యం చేసే బొమ్మలతో టీవీ ప్రకటన వచ్చేది. జనవరిలో మా అక్క వాళ్ళ గ్యారేజీలో కారు పెట్టే చోటు ఉండేది కాదు. ఎడిసన్, ఇజెలిన్ ప్రాంతాల మన కుటుంబాలు చాలావాటికి ఆ నెలే ఏడాది సరుకు కొనే నెల. మన ఊళ్ళో పంట చేతికొచ్చినప్పుడు మిరపకాయలు, కందులు ఏడాదికి సరిపడా కొని పెట్టుకునే అలవాటే ఇక్కడ డబ్బాల రూపం ఎత్తింది.

ఇప్పుడు ధర లెక్క. డాలరుకు మూడంటే డబ్బా 33 సెంట్లు. 1990 నాటి డాలరుతో కొన్న సరుకుకు 2024లో దాదాపు 2 డాలర్ల 40 సెంట్లు కావాలి. అంటే ఆ 33 సెంట్లు ఇప్పటి 80 సెంట్లతో సమానం. నేను ఈ మధ్య ఆల్డీలో శనగల డబ్బా డాలరు లోపే కొన్నాను. కాబట్టి మీరు అనుకున్నంత అన్యాయం జరగలేదు. అయితే డబ్బా మీద బరువు చూడండి. అప్పటి మామూలు డబ్బాలో 16 ఔన్సులు ఉండేవి. తర్వాత 15.5 అయింది, 15 అయింది. టమాటా డబ్బా 14.5కు దిగింది. ట్యూనా తినేవాళ్ళను అడగండి, ఆరు ఔన్సుల డబ్బా ఐదుకు ఎలా వచ్చిందో ఇంకా కోపంగా చెబుతారు. ధర పెంచితే జనం చూస్తారు, బరువు తగ్గిస్తే చూడరు. కొనేవాడిగా నేనూ అలాంటి డబ్బాలకు సంతకం పెట్టినవాడినే, కాబట్టి నీతులు చెప్పను.

రేకు ధర కూడా ఇప్పుడు భారమే. డబ్బాకు వాడే పలచటి తగరపు పూత ఉక్కు చాలావరకు బయటి దేశాల నుంచి వస్తుంది. 2018లో ఉక్కు మీద 25 శాతం సుంకం వేశారు, 2025 జూన్‌లో దాన్ని 50 శాతం చేశారు. శనగలు గుప్పెడే అయినప్పుడు, చవక సరుకులో డబ్బా ఖర్చే పెద్ద వాటా. మళ్ళీ 33 సెంట్లు అని ఆశపడకపోవడానికి అది చాలు.

రుచి దగ్గరికి వద్దాం. డబ్బాలో శనగల్ని ముందు ఉడికించి నింపరు. నింపి, మూత బిగించి, ఆ తర్వాత పెద్ద ఆవిరి పెట్టెలో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉడికిస్తారు. మన ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు ఉండే వేడి దాదాపు అదే. పచ్చిగా ఉన్న మాంసకృత్తులూ పిండీ బయటికి పోయే దారి లేక ఆ నీళ్ళలోనే దిగుతాయి. అందుకే డబ్బా నీళ్ళు జిగటగా ఉంటాయి. ఇంట్లో శనగలు ఉడికించినప్పుడు ఆ నీళ్ళను మీ అమ్మగారు పారబోసేవారా? నలుగురు కుర్రాళ్ళు జల్లెడ కూడా లేని వంటగదిలో డబ్బా కోసి అలాగే గిన్నెలోకి వంచి ఉంటారు. ఆ జిగురే మీ కూరకు చిక్కదనం, ఆ ఉప్పే రుచి. ఇప్పుడు మనందరికీ డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, పిల్లలు డబ్బా సరుకు కడగమన్నారు. కడిగితే దాదాపు 40 శాతం ఉప్పు పోతుంది, నిజమే. దానితో పాటు మీ 1990 కూడా సింకులోకి పోతుంది.

రెండోది టమాటా ముక్కలు. లేబుల్ వెనక చూస్తే కాల్షియం క్లోరైడ్ అని ఉంటుంది. ముక్క ముక్కగా నిలబడటానికి వేస్తారు. హానికరం కాదు కానీ, గంట ఉడికించినా ఆ ముక్క కరగదు. మన పప్పులోకి, కూరలోకి, చారులోకి టమాటా కరగాలి. కరగని టమాటాతో చేసిన కూరలో ఎర్రటి ముక్కలు వేరుగా, పులుసు వేరుగా ఉంటుంది. మనవాళ్ళ వంటకు ‘క్రష్డ్’ (చితకగొట్టినది) అని రాసిన డబ్బా కొనండి. మీ గదిలో అప్పుడు ఏ డబ్బా వాడారో నేను చెప్పలేను గానీ, డాలరుకు మూడు వచ్చిన చవక టమాటా అంటే చాలావరకు చితికిపోయిన సరుకే. మీకు అదే కలిసొచ్చింది.

ఆకలి సంగతి చెప్పడం మర్యాద కాదేమో, అయినా చెబుతాను. లైబ్రరీలో పదకొండు దాకా కూర్చుని, ఆఖరి బస్సు తప్పి, మంచులో నడిచి వచ్చి తిన్న కూర అది. దానికి నా దగ్గర లేబుల్ లేదు.

పాత డబ్బాలన్నీ గొప్పవని మాత్రం అనను. ఒకప్పుడు డబ్బా పక్క అతుకును సీసం కలిసిన టంకంతో అతికేవారు. అమెరికా ఆహార డబ్బాల తయారీదారులు దాన్ని 1991కి మానేశారు, 1995లో ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు అతుకును విద్యుత్తుతో వెల్డింగ్ చేస్తారు. నేను అరలు సర్దిన రోజుల్లో నా చేతుల మీదుగా వెళ్ళిన డబ్బాల్లో సీసం అతుకువి కూడా ఉండే ఉంటాయి. ఆ విషయంలో ఈనాటి డబ్బాయే నయం.

ఇక షాపులు. 1962 అనే ఒకే ఏడాదిలో మూడు పుట్టాయి: మిషిగన్‌లో కేమార్ట్, మినెసోటాలో టార్గెట్, ఆర్కన్సాలో వాల్‌మార్ట్. మొదట్లో అందరికన్నా పెద్దది కేమార్ట్. అమ్మకం మధ్యలో నీలి దీపం తిప్పి, ఆ అరలో ధర ఆ పావుగంటకు తగ్గించే ‘బ్లూ లైట్ స్పెషల్’ దానిదే, 1965 నుంచి. ఆ దీపం వెలిగితే బండ్లు తోసుకుంటూ జనం ఒకవైపుకు ఒరిగేవారు, పడవ ఒరిగినట్టు. మన ఈశాన్య రాష్ట్రాల్లో కాల్డోర్, బ్రాడ్లీస్, జేమ్స్‌వే, ఏమ్స్ ఉండేవి. వాటికన్నా ముందు 1879లో మొదలైన ఉల్‌వర్త్, ఐదు సెంట్లు, పది సెంట్ల సరుకుల షాపు.

ఇవి పోయిన వరస: జేమ్స్‌వే 1995, ఉల్‌వర్త్ అమెరికా షాపులు 1997, కాల్డోర్ 1999, బ్రాడ్లీస్ 2001, ఏమ్స్ 2002. కేమార్ట్ 2002లో దివాలా రక్షణ కోరింది, 2005లో సియర్స్ అనే ఇంకో షాపుల సంస్థతో కలిసింది, ఆ ఉమ్మడి కంపెనీ 2018లో మళ్ళీ దివాలా తీసింది. అమెరికా ప్రధాన భూభాగంలో చివరి పెద్ద కేమార్ట్, న్యూయార్క్ రాష్ట్రం బ్రిడ్జ్‌హాంప్టన్‌లోనిది, 2024 అక్టోబరులో మూసేశారు. కిరాణావైపు ఎ అండ్ పి అనే సూపర్‌మార్కెట్ సంస్థ, దాని కిందే ఉన్న పాత్‌మార్క్ 2015లో పోయాయి. పశ్చిమాన 1982 నుంచి ఉన్న 99 సెంట్స్ ఓన్లీ, 371 షాపులతో, 2024 ఏప్రిల్‌లో మూత ప్రకటించింది.

అందరూ “వాల్‌మార్ట్ మింగేసింది” అంటారు. మింగింది నిజమే, కానీ ఎలా మింగిందో చూడాలి. 1980లలో వాల్‌మార్ట్ డబ్బును గోదాముల మీద, కంప్యూటర్ల మీద, సొంత ఉపగ్రహ సంధానం మీద పెట్టింది. ఏ షాపులో ఏ డబ్బా అయిపోయిందో ఆ రాత్రికే కేంద్రానికి తెలిసేది. అదే కాలంలో కేమార్ట్ పుస్తకాల షాపులు, క్రీడా సామగ్రి షాపులు కొనుక్కుంది. ఏమ్స్ 1988లో తనకన్నా బరువైన జేయర్ షాపుల్ని 80 కోట్ల డాలర్లకు కొని, రెండేళ్ళకే 1990లో దివాలా కోర్టు మెట్లెక్కింది. తేరుకుని, 1999కి హిల్స్ అనే ఇంకో షాపుల గొలుసును కొని అదే తప్పు మళ్ళీ చేసింది.

అసలు ప్రాణం పోయే చోటు వేరే, బయటివాళ్ళకు కనబడదు. డిస్కౌంట్ షాపు సొంత డబ్బుతో నడవదు, సరుకు పంపేవాళ్ళ అప్పుతో నడుస్తుంది. ఒక లారీ డబ్బాలు దించుకుంటే 30 రోజుల్లో డబ్బు కట్టాలి. డబ్బా సరుకు 15, 20 రోజుల్లో అమ్ముడుపోతుంది. మిగిలిన పది రోజులు మన చేతిలో ఆడేది ఎవరి డబ్బు? పంపినవాడిది. మన ఊరి కిరాణా కొట్టులో కొనేవాడికి ఖాతా ఉంటే, ఇక్కడ అమ్మేవాడికే ఖాతా. ఇది నడిచినంత కాలం బాగా నడుస్తుంది. ఫలానా కంపెనీ చిక్కుల్లో ఉందని ఒక్క పుకారు పుడితే చాలు, ఆ అప్పుకు హామీ ఇచ్చే ఆర్థిక సంస్థలు వెనక్కి తగ్గుతాయి. మరుసటి వారం లారీ రాదు, లేదా ముందు డబ్బు కట్టమంటారు. అరలో ఖాళీ కనబడుతుంది. ఖాళీ చూసిన ఇల్లాలు పక్క షాపుకు వెళ్తుంది. అమ్మకం పడుతుంది, పుకారు నిజమవుతుంది. హోల్‌సేల్‌లో నేను ఆ ఫోన్లు రెండువైపులా విన్నాను. ఒకసారి ఒక షాపుకు వెళ్ళాల్సిన రెండు లారీల టమాటాను దారిలో ఆపించినవాడిని కూడా నేనే. ఆ షాపు కొనుగోలుదారు నాతో పన్నెండేళ్ళు పని చేసిన మనిషి. ఫోనులో “సరే, అర్థమైంది” అని మాత్రం అన్నాడు. ఆ గొంతు చాలాకాలం వెంటాడింది.

మూత రోజులు ఎలా ఉంటాయో కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది అక్కడ మోసపోయారు. ఒక షాపు మూసేస్తున్నప్పుడు, పేరు అనవసరం, నేనూ వెళ్ళాను. సరుకు తెగనమ్మడానికి వేరే కంపెనీ దిగుతుంది. వాళ్ళు చేసే మొదటి పని, అమ్మకపు ధర చీటీలన్నీ పీకేసి అసలు ధరకు తేవడం. ఆ అసలు ధర మీద 20 శాతం తగ్గింపు అని పెద్ద పసుపు కాగితం వేలాడదీస్తారు. ముందు వారం డాలరుకు రెండు వచ్చిన బీన్స్ డబ్బా, ఆ ‘తగ్గింపు’లో 55 సెంట్లు. అయినా బండ్లు నింపుకున్నారు జనం. చివరి వారానికి సరుకంతా పోయి, గోడలు, అరలు, ధర చీటీల గన్నులు మిగిలాయి. నేను ఒక ఇనుప అర కొన్నాను, 15 డాలర్లు. ఇప్పటికీ మా గ్యారేజీలో ఉంది. అడుగు పలక అంచున ఎవరో అంటించిన “3/1.00” చీటీ ఇంకా ఊడలేదు.

మరి ఇప్పుడు ఎక్కడ కొనాలి? మీ జ్ఞాపకంలోని షాపుకు దగ్గరి చుట్టం ఆల్డీ. జర్మనీ కంపెనీ, అమెరికాలో 1976 నుంచి, అయోవాలో మొదలైంది. బండికి పావలా డాలరు నాణెం పెట్టాలి, అట్టపెట్టె కోసి సరుకు అందులోనే ఉంచుతారు, సరుకు దాదాపు అంతా సొంత లేబులే. తెల్ల లేబుల్ ఆలోచనే ఇది, కాస్త రంగు పూసుకుంది. డాలర్ ట్రీ కూడా ఉంది కానీ, 2021 చివర డాలరును 1.25 చేసింది, పైగా అక్కడ డబ్బాలు చిన్నవి. బరువుతో భాగించి చూడకుండా కొనకండి. పేరు చూసి మాత్రం నమ్మకండి. పెద్ద పేరు కూడా నిలకడ కాదు, 19వ శతాబ్దం నాటి పేరైన డెల్ మాంటే ఫుడ్స్ అమెరికాలో 2025 జులైలో దివాలా రక్షణ కోరింది.

శాకాహారులకు ఒక మాట. ‘రీఫ్రైడ్ బీన్స్’ (ఉడికించి మెదిపిన బీన్స్) డబ్బాలో పంది కొవ్వు ఉండవచ్చు, ‘వెజిటేరియన్’ అని రాసి ఉన్నదే తీసుకోండి. కూరగాయల సూప్ అని బొమ్మ వేసిన డబ్బాలో గొడ్డుమాంసపు రసం ఉండే రకాలున్నాయి. నా గదిలో తెనాలి అబ్బాయి ఒకడు ఒక చలికాలమంతా అలాంటి సూప్‌ను అన్నంలో చారులా కలుపుకుని తిన్నాడు. వెనక అక్షరాలు చదివిన రోజు ఏమీ అనలేదు. మిగిలిన ఆరు డబ్బాలు కింది ఇంటావిడకు ఇచ్చి వచ్చి, స్నానం చేశాడు. వాళ్ళమ్మగారికి ఇప్పటికీ తెలియదు.

బేస్‌మెంట్‌లో పాత డబ్బాలు మిగిలాయి, తినవచ్చా అని చివర అడిగారు. టమాటా, అనాస లాంటి పుల్లటివి ఏడాదిన్నర దాటితే రుచి పోతుంది. శనగలు, బీన్స్ రెండు నుంచి ఐదేళ్ళు బాగుంటాయి. ఆ తేదీ రుచికి గుర్తే తప్ప విషానికి గుర్తు కాదు. కానీ ఉబ్బిన డబ్బా, కారుతున్న డబ్బా, కోయగానే చిమ్మిన డబ్బా, అతుకు మీద లోతుగా సొట్ట పడిన డబ్బా రుచి చూడకుండానే పారేయండి. అందులో పుట్టే బోట్యులిజం విషానికి వాసన ఉండనక్కరలేదు. పక్కన చిన్న సొట్ట ఉంటే భయం లేదు, మేము వాటిని సగం ధరకు అమ్మేవాళ్ళం, ఇంటికి మేమే తెచ్చుకునేవాళ్ళం.

అన్నట్టు, డబ్బా సరుకు అంటే చిన్నచూపు ఉన్నవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళే పెళ్ళిళ్ళలో మామిడి రసాన్ని గ్లాసులు గ్లాసులు తాగుతారు. ఇక్కడి ఇండియన్ షాపుల్లో దొరికే మామిడి గుజ్జులో చిత్తూరు తోతాపురి కూడా ఉంటుంది. దాదాపు మూడు కిలోల పెద్ద డబ్బాల్లో ఓడెక్కి వస్తుంది. అదీ డబ్బా సరుకే.

ఇక మీ కూర. క్రష్డ్ టమాటా డబ్బా ఒకటి, శనగల డబ్బాలు రెండు, ఉల్లిపాయలు రెండు. నూనెలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప వేయించి, ఉల్లి ఎర్రబడ్డాక పసుపు, కారం, ధనియాల పొడి. టమాటా పోసి నూనె తేలేదాకా ఆగండి, ఇక్కడ తొందరపడితే పచ్చివాసన పోదు. ఆ తర్వాత శనగలు, నీళ్ళతో సహా. ఉప్పు వేయకండి, డబ్బాలోదే చాలు. బీపీ ఉంటే ఒక డబ్బా మాత్రం కడగండి, ఒకటి కడగకండి. ఇరవై నిమిషాలు సన్న సెగ మీద ఉంచండి. ఆ గదిలో మీతో ఉన్న ముగ్గురిలో ఎవరైనా కారు దూరంలో ఉంటే ఆ రోజుకు పిలవండి. అప్పుడు రెండు డబ్బాలు చాలవు, మూడు తెచ్చుకోండి.